రోడ్డు సైకిల్‌తో గుంతను ఎగిరి దాటడం ఎలా, ట్యూబును కాపాడుకోవడం ఎలా?

సన్నని టైర్ల రోడ్డు సైకిల్ కొన్న నెల రోజుల్లోపే దాదాపు ప్రతి ఒక్కరూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: ఎదురుగా గుంత వచ్చి, పక్కకు తప్పుకునే వీలు లేనప్పుడు ఏం చేయాలి? దాని వెంటే ఇంకొకటి వస్తుంది: వారానికోసారి పంక్చర్ అవుతోంది, టైర్లు మార్చేయమంటారా? ఈ రెండింటికీ సమాధానం వెనక చక్రం దగ్గరే ఉంది. ముందు చక్రం కళ్లెదుటే ఉంటుంది కనుక దాన్ని ఎలాగో ఒకలా కాపాడుకుంటాం. మన బరువులో ఎక్కువ పాలు మోసే వెనక చక్రం మాత్రం మన చూపుకు అందకుండా వచ్చి, అదే గుంత అంచును పూర్తి బరువుతో గుద్దుకుంటుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా వెనక చక్రాన్ని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

కావలసినవి

అన్నిటికంటే ముందు గేజీ ఉన్న నిలువు పంపు కావాలి. వేలితో టైరును నొక్కి గాలి సరిపోయిందని నమ్మడం రోడ్డు సైకిల్ విషయంలో పనికిరాదు, ఎందుకంటే 50 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరూ 80 ఉన్న టైరూ బొటనవేలికి ఒకేలా గట్టిగా తగులుతాయి. దారిలో వెంట ఉంచుకోవడానికి మీ టైరు వెడల్పుకు, రిమ్ము లోతుకు సరిపోయే వాల్వు పొడవున్న ట్యూబు ఒకటి, ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్, చిన్న గరుకు కాగితం, చేతి పంపు ఉండాలి. చాలా రోడ్డు సైకిళ్లకు ఉండే సన్నని ప్రెస్టా రకం వాల్వుకు, దారి పక్క పంక్చర్ షాపులో మోటారు సైకిళ్ల కోసం ఉంచిన గొట్టం పట్టదు. అందుకని ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకోవడమో, ప్యాచ్‌ల డబ్బాలో వేసుకోవడమో మంచిది. చిన్న వస్తువే అయినా, అది లేక పది కిలోమీటర్లు సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లినవారు నాకు తెలుసు.

ఎగరడం సాధన చేయడానికి హెల్మెట్, చేతి తొడుగులు, సుద్దముక్క, పాత తువ్వాలు, ఒక ఖాళీ అట్టపెట్టె, గిన్నెడు ముగ్గుపిండి చాలు. ముగ్గుపిండి ఎందుకో ముందు ముందు చెబుతాను.

ముందు గాలి, తరువాతే ఎగరడం

ఒక వర్షాకాలపు ఉదయం చేవెళ్ల దారిలో వెళ్తున్నాను. అక్కడి మర్రిచెట్ల నీడ ఎంత హాయిగా ఉంటుందో, ఆకుల సందుల్లోంచి రోడ్డు మీద పడే వెలుగుమచ్చల మధ్య గుంతను గుర్తుపట్టడం అంత కష్టం. ముందు చక్రం గుంతలో దిగి లేచింది. వెనక చక్రం మాత్రం టక్కుమని శబ్దం చేసింది, ఇరవై గజాలు వెళ్లేసరికి రిమ్ము రోడ్డుకు తగులుతోంది. టీ కొట్టు దగ్గర ఆగి, ట్యూబు తీసి గాలి కొట్టి, కొట్టు యజమాని ఇచ్చిన బకెట్టు నీళ్లలో ముంచాను. ‘చూడన్నా, రెండు దిక్కుల బుడగలొస్తున్నయి’ అన్నాడు ఆయన. నిజమే, సెంటీమీటరు ఎడంలో పక్కపక్కనే రెండు సన్నని బుడగల వరసలు పైకి వస్తున్నాయి, సరిగ్గా పాము కాటు గుర్తుల్లాగా. ముల్లు గుచ్చుకుంటే అలా రెండు రంధ్రాలు పడవు. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగినప్పుడు, రిమ్ము రెండు అంచులూ దాన్ని చెరో పక్కన కోస్తాయి. ఆ రోజుకు నేను టైర్లకు గాలి కొట్టి తొమ్మిది రోజులైంది.

మామూలు బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబులో వారానికి ఐదారు పి.ఎస్.ఐ. గాలి దానంతట అదే దిగుతుంది, కొన్నిటిలో అంతకంటే ఎక్కువే. లేటెక్స్ (సహజ రబ్బరు) ట్యూబులైతే ఒక్క రోజులోనే అంత దిగవచ్చు. కనుక బయలుదేరే ప్రతిసారీ గేజీతో చూసుకోవడాన్ని అలవాటు చేసుకోండి.

ఎంత గాలి ఉండాలన్నది మీ బరువు, టైరు వెడల్పు, రోడ్డు స్థితి మీద ఆధారపడుతుంది. డెబ్బై కిలోల మనిషి ట్యూబు ఉన్న టైర్లతో మన జిల్లా రోడ్ల మీద మొదలుపెట్టడానికి నేను చెప్పే లెక్క ఇది: 25 మి.మీ. టైరుకు ముందు 80, వెనక 88 పి.ఎస్.ఐ.; 28 మి.మీ. టైరుకు ముందు 67, వెనక 75, 32 మి.మీ. టైరుకు ముందు 53, వెనక 60. బరువు పది కిలోలు పెరిగితే ఐదారు పి.ఎస్.ఐ. పెంచండి, తగ్గితే అంతే తగ్గించండి. వారం రోజులు తొక్కి, చేతులు తిమ్మిరెక్కుతుంటే రెండు మూడు తగ్గించండి. గుంతలో రిమ్ము తగిలిన శబ్దం ఒక్కసారి వినిపించినా ఐదు పెంచండి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ పరిమితినీ, రిమ్ము మీద రాసిన పరిమితినీ చూసి, రెండింటిలో తక్కువ దాన్నే పాటించాలి. లోపలి అంచుకు కొక్కెం లేని కొత్త తరహా రిమ్ములకు 72.5 పి.ఎస్.ఐ., అంటే 5 బార్ మించి కొట్టకూడదు. వాటికి సరిపడే ట్యూబ్‌లెస్ టైర్లు మాత్రమే వాడాలి. అలాంటి రిమ్ముకు 88 కొట్టి బయలుదేరితే టైరు రిమ్ములోంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

గాలి ఎంత కొట్టినా సన్నని టైరు సన్ననిదే. మీ ఫ్రేములో చోటు ఉంటే 25 నుంచి 28కో, 32కో మారడం మన రోడ్ల మీద చేయగలిగిన అత్యంత లాభదాయకమైన మార్పు. టైరుకూ ఫ్రేముకూ మధ్య కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, లేదంటే తడి మట్టి ఇరుక్కుని పెయింటును గీరేస్తుంది.

సాధనకు ముందు సైకిల్‌లో చూసుకోవలసినవి

ఎగిరేటప్పుడు హ్యాండిల్‌ను గట్టిగా పైకి లాగుతాం, చక్రాలు గాలిలో వేలాడతాయి. కాబట్టి వదులుగా ఉన్న ప్రతి బోల్టూ ఇప్పుడు బయటపడుతుంది. ముందు చక్రాన్ని ఎత్తి పట్టుకుని, పై నుంచి అరచేత్తో రెండుసార్లు కొట్టండి. చక్రం కదిలినా, ఇరుసు దగ్గర చప్పుడు వచ్చినా క్విక్ రిలీజ్‌ను, అంటే ఇరుసును బిగించే లివరును, మళ్లీ బిగించండి. ఆ లివరును మూసేటప్పుడు అరచేతిలో దాని అచ్చు పడేంత బిగువు ఉండాలి. తరువాత చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను పక్కలకు తిప్పి చూడండి, ఆపై దాని కింది వంపుల మీద బరువు వేసి నొక్కండి, ఎటూ జారకూడదు. క్లిప్ పెడల్స్ (బూటు అడుగును పట్టి ఉంచేవి) వాడేవారు, మడమ కొద్దిగా తిరగగానే బూటు ఊడిపోయేంత వదులుగా ఉందేమో చూసుకోవాలి. గాలిలో ఉన్నప్పుడు ఒక కాలు ఊడటం నేను చూసిన పడిపోవడాల్లో అన్నిటికంటే చెడ్డది.

ఎగరడం: దశలవారీగా

1. చోటు ఎంచుకోండి. ఇళ్లు ఇంకా రాని లేఅవుట్‌లోని రోడ్డు, ఉదయం ఖాళీగా ఉండే బడి ఆవరణలోని సిమెంటు నేల, ఏదైనా సరే, నలభై అడుగులు తిన్నగా, చదునుగా, పొడిగా ఉండాలి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల సైకిల్ దారి తొక్కడానికి ఎంతో బాగుంటుంది గానీ ఈ సాధనకు తగదు. వెనక నుంచి వచ్చేవారు మీరు ఉన్నట్టుండి నెమ్మదించి ఎగురుతారని ఊహించరు. నేల మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. మొదటి రోజంతా ఆ గీతే మీ అడ్డంకి.

2. నిలబడే భంగిమ నేర్చుకోండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో తొక్కడం ఆపి, రెండు పెడల్స్‌నూ నేలకు సమాంతరంగా నిలపండి. మీకు బలమైన కాలు ముందుండాలి. సీటు నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేవండి. మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంగి, వదులుగా ఉండాలి. చేతులను బ్రేకుల మీది రబ్బరు పట్టుల మీద గానీ, హ్యాండిల్ కింది వంపుల్లో గానీ ఉంచండి. మొదట్లో కింది వంపులే నయం, కుదుపుకు చెయ్యి జారదు. హ్యాండిల్ పైన మధ్యలో పట్టుకుని మాత్రం ఎప్పుడూ ఎగరకండి. ఈ భంగిమలో ఇరవై సార్లు గీత దాటండి. ఇది సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, దాటేటప్పుడు వేళ్లు వదులు చేసి చూడండి. హ్యాండిల్ వణకకపోతే మీ బరువు చేతుల మీద కాకుండా పాదాల మీద ఉన్నట్టు.

3. ముందు చక్రాన్ని విడిగా లేపండి. గీతకు మీటరు దూరంలో మోచేతులు వంచి ఛాతీని హ్యాండిల్ వైపు దించండి, వెంటనే ఛాతీని పైకి, వెనక్కి తెచ్చి, చేతులతో తేలికగా లాగండి. చక్రం అరచేయి మందం లేస్తే చాలు. ఈ దశ చాలామందికి పది నిమిషాల్లో వస్తుంది. రెండు చేతులతో సమానంగా లాగండి. ఒక చేయి ఎక్కువ లాగితే చక్రం వంకరగా దిగుతుంది.

4. వెనక చక్రాన్ని విడిగా లేపండి. అసలు పని ఇదే, తగినంత సమయం ఇవ్వండి. క్లిప్ పెడల్స్ ఉన్నవారు నడుమును కాస్త ముందుకు తెచ్చి, మోకాళ్లు వంచి చటుక్కున లేచి, మడమలను పిరుదుల వైపు లాక్కోవాలి. లాగేటప్పుడు మడమలు పక్కకు తిరగకూడదు, తిరిగితే బూటు ఊడుతుంది. మామూలు పెడల్స్ ఉన్నవారు కాలివేళ్లను నేలవైపు వంచి, పెడల్‌ను పాదంతో వెనక్కి, పైకి గీరినట్టు నొక్కాలి. హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు తోస్తే పాదాలకు పట్టు చిక్కుతుంది. ముందు బ్రేకు పట్టి వెనక చక్రాన్ని లేపడం వేరే విద్య, ఇక్కడ దాని జోలికి పోకండి. వెనక చక్రం రెండు వేళ్లు లేచినా మొదటి వారానికి చాలు.

5. రెండూ కలపండి. కుంగడం, లేవడం, లాక్కోవడం. గీతకు మీటరున్నర ముందు మోకాళ్లూ మోచేతులూ ఒకేసారి వంచి సైకిల్‌ను నేలకేసి నొక్కినట్టు కుంగండి. స్ప్రింగు వదిలినట్టు లేవండి. మీ శరీరం పైకి పోతుండగానే చేతులతో హ్యాండిల్‌నూ, కాళ్లతో పెడల్స్‌నూ మీ వైపు పైకి లాక్కోండి. ముందు శరీరం లేస్తుంది, సైకిల్ దాని వెంట వస్తుంది. శరీరం లేవకుండా సైకిల్‌ను మాత్రమే లాగితే చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ లేవదు.

6. మెత్తగా దిగండి. రెండు చక్రాలూ ఒకేసారి దిగాలి, లేదా వెనకది వెంట్రుకవాసి ముందు దిగాలి. ముందు చక్రం తిన్నగా ఉండాలి, బ్రేకుల మీద ఒత్తిడి ఉండకూడదు, మోకాళ్లూ మోచేతులూ దిగేటప్పుడు మళ్లీ వంగాలి. దీన్ని చెవితో పరీక్షించవచ్చు. ధడేల్‌మని ఒక్క దెబ్బగా వినిపిస్తే కాళ్లు బిగిసిపోయాయని, మెత్తటి ‘థప్’ మాత్రమే వినిపిస్తే సరిగా దిగారని తెలుసుకోండి.

7. ముగ్గుపిండితో పరీక్షించండి. సుద్దగీత ఉన్నచోట జానెడు వెడల్పున, బారెడు పొడవున ముగ్గుపిండిని పలుచగా చల్లండి. దాని మీదుగా ఎగిరి, ఆగి, వెనక్కి వచ్చి వంగి చూడండి. రెండు చక్రాలూ దాటి ఉంటే పిండి చెదరదు. ఒక్క సన్నని గాడి కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ వెనక చక్రానిదే. టైరును తిప్పి చూస్తే దాని మీద తెల్లటి మచ్చ కూడా కనిపిస్తుంది. గాడి పిండికి ఈవలి అంచున ఉంటే ఆలస్యంగా లేచారు, ఆవలి అంచున ఉంటే తొందరపడి లేచారు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటే వెనక చక్రం అసలు లేవనే లేదు. ఎగిరినప్పుడు ఎంతో ఎత్తుకు లేచినట్టు అనిపిస్తుంది కనుక మన అనుభూతిని నమ్మడానికి లేదు. పదింటిలో ఎనిమిదిసార్లు పిండి చెదరకుండా దాటేదాకా తరువాతి దశకు వెళ్లకండి.

8. ఎత్తు పెంచండి. పిండి తరువాత మడిచిన తువ్వాలు, ఆ తరువాత తగిలితే నలిగిపోయే ఖాళీ అట్టపెట్టె. ఇటుకలు, రాళ్లు, కట్టెలు పెట్టవద్దు. సాధనలో వెనక చక్రం తప్పక తగులుతుంది. ఇటుకకు తగిలితే ట్యూబుతో పాటు రిమ్ము కూడా పోవచ్చు.

9. రోడ్డు మీద వాడండి. ఇక్కడ మొదటి పని చూపు. పదిహేను మీటర్ల ముందుకు చూస్తూ వెళ్లండి; గుంత కనిపించగానే వెనక్కి ఒకసారి చూసి, పక్కకు తప్పుకోగలిగితే తప్పుకోండి. వీలు కాకపోతేనే ఎగరండి. గుంత వైపు చూస్తే సైకిల్ గుంతలోకే పోతుంది, కాబట్టి దిగబోయే చోటును చూడండి. గుంపులో వెళ్తుంటే వెనకవారికి చేత్తో చూపించి, ‘గుంత’ అని గట్టిగా చెప్పి, చెయ్యి హ్యాండిల్ మీదికి తిరిగి వచ్చాకే ఎగరాలి. అందుకు సమయం లేకపోతే ఎగరవద్దు.

వేగానికీ దూరానికీ ఒక చిన్న లెక్క

సిద్ధాంతం ఇంతకు మించి అక్కరలేదు గానీ, ఈ లెక్క తెలియక దెబ్బతిన్నవారు ఎక్కువ. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం రోడ్డు సైకిల్‌లో సుమారు ఒక మీటరు. రెండు చక్రాలనూ కలిపి లేపినప్పుడు, గాలిలో మీరు ప్రయాణించే దూరంలో మొదటి మీటరు ఆ నిడివికే సరిపోతుంది, మిగిలిందే మీరు దాటగల గుంత వెడల్పు. ఐదు సెంటీమీటర్ల ఎత్తు ఎగిరితే సైకిల్ సుమారు 0.2 సెకను గాలిలో ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ సమయంలో 1.4 మీటర్లు పోతారు, అంటే గుంతకు మిగిలేది 40 సెంటీమీటర్లు. అదే వేగంలో పది సెంటీమీటర్లు ఎగిరితే మీటరు గుంత దాటవచ్చు. కానీ 12 కిలోమీటర్ల వేగంలో పది సెంటీమీటర్లు ఎగిరినా మొత్తం దూరం మీటరుకు చేరదు, వెనక చక్రం గుంతలోనే దిగుతుంది. కాబట్టి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు రెండింటినీ కలిపి లేపకుండా, మూడో దశలో నేర్చుకున్నట్టు ముందు చక్రాన్ని, అది దాటాక నాలుగో దశలో నేర్చుకున్నట్టు వెనక చక్రాన్ని విడివిడిగా దాటించండి.

స్పీడ్ బ్రేకర్‌ను ఎగిరి దాటవచ్చా అని అడిగేవారికి కూడా ఈ లెక్కలోనే జవాబు ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని ఎవరూ ఎగిరి దాటలేరు, దాటనవసరమూ లేదు. వేగం తగ్గించి, సీటు నుంచి లేచి, మోకాళ్లతో దాన్ని మింగినట్టు దాటాలి. బోల్టులతో బిగించిన సన్నని రబ్బరు బ్రేకర్లకూ, వరసగా వేసిన తెల్లటి రంబుల్ స్ట్రిప్స్‌కూ ఇదే పద్ధతి.

ఎగరకుండానే బరువు దించడం

ఎగరడం రాకపోయినా, భయం వేసినా, ఈ ఒక్కటి నేర్చుకోండి. నా తొక్కుడులో పదిసార్లు దీన్ని వాడితే ఎగరవలసి రావడం ఒక్కసారి. గుంత అంచు వచ్చే క్షణానికి కొద్దిగా కుంగి లేస్తే, ఆ అరక్షణం చక్రం మీద మీ బరువు దాదాపు ఉండదు. చక్రం నేల విడవదు, కానీ అంచుకు తేలికగా తగిలి దాటిపోతుంది. ముందు చక్రానికి ఒకసారి, వెనక చక్రానికి మరొకసారి, రెండుసార్లు అలా తేలిక చేయాలి. చాలామంది మొదటిది చేసి, హమ్మయ్య అనుకుని రెండోసారికి సీట్లో కూర్చుండిపోతారు. గుంతలోకి వెళ్లడం ఇక తప్పదని తెలిసినప్పుడు, అంచుకు చేరేలోపే బ్రేకు వదిలేయడం కూడా గుర్తుంచుకోండి. బ్రేకు పట్టి ఉంటే బరువంతా ముందు చక్రం మీద పడి, దెబ్బ రెట్టింపవుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

కుంగకుండా లాగడం మొదటి పొరపాటు. దాని ఫలితం ముందు చక్రం మాత్రమే లేవడం. ఆఖరి క్షణంలో పెడల్ తొక్కడం రెండోది. ఎగరబోయే ముందు పెడల్స్ సమంగా నిలిచి ఉండాలి, లేకపోతే కింద ఉన్న పెడల్ గుంత అంచుకు తగులుతుంది. మలుపులో ఎగరడం, ఎగిరాక గాలిలో హ్యాండిల్ తిప్పడం ఇంకా ప్రమాదకరం. పడిపోయేవారిలో ఎక్కువమంది ఎగరలేక పడరు, దిగేటప్పుడు చక్రం తిన్నగా లేక పడతారు.

ఎగరకూడని చోట్లు కూడా ఉన్నాయి. నీళ్లు నిండిన గుంత లోతు తెలియదు, దాని ఆవలి అంచూ తెలియదు. తీరప్రాంతపు దారుల్లో రోడ్డు మీద పరుచుకున్న ఇసుకపైన, వాన తడిసిన తెల్లగీతల పైన, ఆయిల్ మరకల పైన దిగితే చక్రం జారుతుంది. వెనక వాహనం దగ్గరగా ఉన్నప్పుడు, రాత్రి లైటు చాలనప్పుడు, సామాను సంచులు కట్టి ఉన్నప్పుడు ఎగరకండి. ఏటవాలుగా వచ్చే రైలు పట్టాలను ఎగిరి దాటాలని చూడకండి. ముందే వేగం తగ్గించి, కొద్దిగా పక్కకు జరిగి, పట్టాలకు లంబంగా తిరిగి, బరువు దించి దాటండి.

వరికోతల కాలంలో ఊళ్ల రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చుతారు. ధాన్యం ఎత్తుకుపోయాక కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. ఆగిపోయిన లారీ చుట్టూ పెట్టిన రాళ్ల సంగతీ అంతే. తెల్లవారుజామున బయలుదేరేవారు ఆ రోజుల్లో లైటు లేకుండా పోకండి. రాయి కనిపిస్తే వీలైనప్పుడు దిగి పక్కకు తీసేయండి, వెనక వచ్చేవారిలో ఎగరడం తెలియనివారే ఎక్కువ.

గుచ్చుకునే పంక్చర్లు

వీటికి ఎగరడం పనిచేయదు. చూపు, టైరు శుభ్రత మాత్రమే పనిచేస్తాయి. మన రోడ్ల మీద నాకు ఎక్కువగా ఎదురైనవి మూడు. పల్లేరుకాయలు మట్టి అంచుల్లో ఉంటాయి, వాహనానికి దారి ఇవ్వడానికి రోడ్డు దిగినప్పుడు అంటుకుంటాయి. తుమ్మముళ్లు, పొలాల కంచెకు తుమ్మకంపను ట్రాక్టరు మీద తరలించిన దారుల్లో రాలి ఉంటాయి. మూడోది జాతీయ రహదారుల అంచున పడి ఉండే లారీ టైరు ముక్కల్లోని సన్నని ఉక్కు తీగ. వెంట్రుక కంటే కాస్త మందంగా ఉండే ఆ తీగ టైరులో దిగితే బయటికి కనిపించదు, ట్యూబు మార్చినా కిలోమీటరు తరువాత మళ్లీ గాలి దిగిపోతుంది.

రోడ్డు అంచున మురికి పేరుకున్న అడుగు వెడల్పును వదిలి, వాహనాల చక్రాలు తిరిగి శుభ్రమైన జాడలో తొక్కండి. వాన పడిన రోజున మరింత జాగ్రత్త అవసరం. గాజు పెంకులు కొట్టుకొచ్చి అంచున చేరతాయి, తడి రబ్బరును గాజు సులువుగా కోస్తుంది. ఇంటికి రాగానే తడిగుడ్డతో టైర్లను తుడిచి, నెమ్మదిగా తిప్పుతూ చూసి, ఇరుక్కున్న ప్రతి రవ్వనూ పిన్నీసు కొనతో తీసేయండి. ఈ రోజు పైపైన ఉన్న గాజురవ్వ ఎల్లుండికి ట్యూబును చేరుతుంది.

ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే సీలెంట్ ముళ్ల రంధ్రాలను బాగా పూడుస్తుంది. ముళ్ల దారుల్లో రోజూ తొక్కేవారికి అదే నా సలహా, కానీ మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. టైరు లోపల వేసే ప్లాస్టిక్ పట్టీలు ముళ్లను ఆపుతాయి గానీ, వాటి కొనలే ట్యూబును రాసి చిల్లి చేయడం చూశాను. వేయదలచుకుంటే కొనలను గుండ్రంగా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది వేయండి.

ట్యూబు చెప్పేది చదవండి

పంక్చర్ అయిన ట్యూబును మార్చి ఊరుకుంటే అదే పంక్చర్ మళ్లీ వస్తుంది. టైరు బిగించేటప్పుడు దాని మీది పేరు వాల్వుకు ఎదురుగా వచ్చేటట్టు ప్రతిసారీ పెట్టండి. అలా పెడితే ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో సరిగ్గా ఎక్కడ వెతకాలో తెలుసుకోవచ్చు.

ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచి చూడండి. పక్కపక్కన రెండు రంధ్రాలుంటే గాలి తక్కువైంది, లేదా వెనక చక్రం గుద్దుకుంది. రోడ్డు వైపు ఒకే సూదిమొన రంధ్రం ఉంటే ముల్లో తీగో ఇంకా టైరులోనే ఉంది. రిమ్ము వైపు రంధ్రం ఉంటే రిమ్ టేపు (స్పోకు రంధ్రాలను కప్పే పట్టీ) జరిగి, స్పోకు రంధ్రం అంచు ట్యూబును కోస్తోంది. టేపు మార్చేదాకా ఎన్ని ట్యూబులు వేసినా లాభం లేదు. వాల్వు మొదట్లో చిరిగితే పంపు గొట్టాన్ని వంకరగా లాగుతున్నారు. అంగుళం పొడవున చీలి ఉంటే ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కుపోయింది.

తీగను వెతకడానికి వేలు వాడితే వేలు తెగుతుంది. చిటికెడు దూది తీసుకుని టైరు లోపలంతా ఒకసారి ఇటు, ఒకసారి అటు తుడవండి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడ ఉంది. దాన్ని లోపలి నుంచి పట్టుకారుతో లాగేయండి.

ప్యాచ్ వేసేటప్పుడు చాలామంది చేసే తప్పు తొందరపడటం. రంధ్రం చుట్టూ ప్యాచ్ కంటే కాస్త వెడల్పున, మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలి వెనక భాగంతో తాకితే తడి అంటకూడదు. అప్పుడు ప్యాచ్ పెట్టి రెండు నిమిషాలు గట్టిగా నొక్కండి.

ట్యూబులో కాస్త గాలి నింపి గుండ్రంగా చేసి టైరులో పెట్టండి. టైరు అంచును చేతులతోనే ఎక్కించడానికి ప్రయత్నించండి, వాల్వు దగ్గరి భాగాన్ని చివరికి ఉంచుకోండి. గాలి నింపే ముందు టైరు అంచును చుట్టూ రెండు వైపులా పక్కకు తోసి, ట్యూబు ఎక్కడా బయటికి కనిపించడం లేదని చూడండి. సగం గాలి కొట్టి చక్రం తిప్పండి. టైరు పక్కన ఉండే సన్నని గీత రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో కనిపిస్తే అంచు సరిగా కూర్చున్నట్టు. అప్పుడే పూర్తి గాలి కొట్టండి. గట్టి దెబ్బ తగిలి వచ్చిన పంక్చర్ అయితే చక్రం తిప్పుతూ రిమ్ము బ్రేకు రబ్బరుకో ఫ్రేముకో దగ్గరై దూరమవుతోందేమో, రిమ్ము అంచున సొట్ట ఉందేమో కూడా చూడండి. ఉంటే మెకానిక్‌కు చూపించి తిన్నగా చేయించేదాకా దాని మీద ఎగరకండి.

ఎంత గాలి కొట్టారో రాసి పెట్టుకుని, మర్నాడు ఉదయం మళ్లీ గేజీ పెట్టి చూడండి. బ్యూటైల్ ట్యూబులో ఒక్క రాత్రికి ఐదు పి.ఎస్.ఐ. కంటే ఎక్కువ దిగితే దాన్ని మళ్లీ నీళ్లలో ముంచవలసిందే.